పేరు పోగొట్టుకున్న చిత్రకారిణి – జుడిత్ లైస్టర్



మన సంచికలో ఏటా ఒక గొప్ప వ్యక్తి జీవితం వేయడం ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, సావిత్రీబాయి ఫూలే గురించి, జాషువా గారి గురించి మాకంటే ముందటివాళ్ళు చక్కగా రాశారు. ఈసారి ఆ బాధ్యత మాకు అప్పగించినప్పుడు బాగా ఆలోచించి, మనలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక చిత్రకారిణిని ఎంచుకున్నాం. ఆమె మన దేశస్థురాలు కాదు. ఆమె చనిపోయి 360 సంవత్సరాలు దాటిపోయింది. ఇది ఇంగ్లీషు మీడియం వాళ్ళ కోసం రాసిందిలే అని పేజీ తిప్పేయకండి. ఒక బొమ్మ దగ్గర మొదలుపెడుతున్నాం. బొమ్మ చూడటానికి ఏ మీడియమూ అక్కర్లేదు.

మా ఎం.ఏ. చరిత్రలో ఐరోపా చరిత్ర ఒక పేపరు. మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట అందుకున్నది మేమే కాబట్టి, ఆ పేపరులోని పేర్లు ఎలా పలకాలో అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చొని ఒక లావుపాటి పుస్తకం తిరగేస్తుంటే, నెదర్లాండ్స్ అధ్యాయం మధ్యలో ఒక రంగుల బొమ్మ కనిపించింది. ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకామె కుర్చీలో కూర్చొని ఉంది. ఎదురుగా ఈజిల్, దాని మీద సగం పూర్తయిన బొమ్మ. ఆమె బొమ్మ వేస్తూ వేస్తూ ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగినట్టు మన వైపు తిరిగింది. కుడి మోచెయ్యి కుర్చీకి ఆనించి హాయిగా కూర్చుంది. పెదవులు కొంచెం తెరుచుకున్నాయి. ఇప్పుడే ఏదో చెప్పబోతోంది, లేదా నవ్వబోతోంది. పూర్వకాలం వాళ్ళ చిత్రపటాలంటే బిగుసుకుపోయిన ముఖాలే మనకు గుర్తుకొస్తాయి కదా. ఈమె అలా లేదు. స్టడీ అవర్లో పుస్తకం నుంచి తలెత్తి పక్కమంచం స్నేహితురాలిని చూసినట్టు చూస్తోంది.

ఆ బొమ్మలోని ఆమే ఆ బొమ్మను వేసింది. పేరు జుడిత్ లైస్టర్. వాళ్ళ భాషలో యూడిత్ అని పలుకుతారు. సుమారు 1630లో వేసిన చిత్రం అది, 75 సెంటీమీటర్ల ఎత్తు, 65 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ప్రస్తుతం అమెరికాలో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎడమ చేతిలో పాలెట్, దాంతోపాటే గుప్పెడు కుంచెలు. లెక్కపెట్టినవాళ్ళు పద్దెనిమిది ఉన్నాయన్నారు. ఒక బొమ్మకు అన్ని కుంచెలు ఒకేసారి చేతిలో పట్టుకోవలసిన అవసరం ఉంటుందా? ఉండదు. నా చేతిలో ఎంత పనుందో చూడండి అని చెప్పడానికే ఆమె అలా వేసుకుందని మాకు అనిపించింది.

ఆ దుస్తులు కూడా పనిలో వేసుకునేవి కావు. మెడ చుట్టూ పళ్ళెమంత తెల్లటి గట్టి కాలర్, వైన్ రంగు పట్టు చేతులు, మణికట్టు దగ్గర లేసు. నూనె రంగులతో పనిచేసేటప్పుడు ఎవరూ అలాంటి బట్టలు కట్టుకోరు. మనం గ్రూప్ ఫోటో రోజున ట్రంకుపెట్టెలోంచి మంచి బట్టలు తీసి వేసుకున్నట్టే ఆమె కూడా మంచి బట్టలు వేసుకొని కూర్చుంది. కాని కుంచెను మాత్రం కింద పెట్టలేదు. ధనవంతురాలిలా కనిపించాలి, పనిమనిషిగా కూడా కనిపించాలి అన్న రెండు కోరికలూ ఆ బొమ్మలో ఉన్నాయి. పనిమనిషి అంటే ఇక్కడ పని తెలిసిన మనిషి అని అర్థం.

ఇక ఆమె జీవితంలోకి వెళ్దాం.

జుడిత్ నెదర్లాండ్స్‌లోని హార్లెం పట్టణంలో పుట్టింది. 1609 జూలై 28న ఆమెకు చర్చిలో బాప్తిస్మం ఇచ్చినట్టు నమోదై ఉంది. తొమ్మిది మంది పిల్లల్లో ఆమె ఎనిమిదవది. స్పెయిన్ రాజుతో ఏళ్ళ తరబడి యుద్ధం చేసిన డచ్చి వాళ్ళు అదే 1609లో పన్నెండేళ్ళ సంధి చేసుకున్నారు. వాళ్ళ ఓడలు అప్పటికే ప్రపంచమంతా తిరుగుతున్నాయి. మన స్కూలు పుస్తకంలో డచ్చి వారు 1605లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారని చదువుకున్నాం, గుర్తుందా? మన అద్దకం బట్టల కోసం బందరు రేవుకు ఓడలు వచ్చిన ఆ రోజులే ఇవి. ఆ వర్తకపు లాభాలతో అక్కడ పట్టణాలు పెరిగాయి, ఇళ్ళు కట్టుకున్నారు, ఆ ఇళ్ళ గోడలకు బొమ్మలు కొనుక్కున్నారు. మన పుస్తకంలో ఓడల సంగతి ఉంది గాని గోడల సంగతి లేదు. మిగతా ఐరోపాలో బొమ్మలు వేయించుకునేది రాజులూ మతపెద్దలూ అయితే, డచ్చి దేశంలో మామూలు దుకాణదారులు, చేతిపనివాళ్ళు కూడా కొనేవారు. కాబట్టి చిత్రకారులకు గిరాకీ ఉండేది, పోటీ కూడా అంతే ఉండేది. రెంబ్రాంట్ ఆమెకంటే మూడేళ్ళు పెద్ద. హార్లెంలోనే ఉన్న ఫ్రాన్స్ హాల్స్ అప్పటికే పెద్ద పేరున్నవాడు. నవ్వే మనుషులను నాలుగు కుంచె దెబ్బలతో బతికించేవాడని ఆయనకు కీర్తి.

జుడిత్ తండ్రి యాన్ విల్లెమ్స్ మొదట బట్టల నేతపని చేసినవాడు. తరువాత బీరు తయారుచేసే బట్టీ ఒకటి కొన్నాడు. ఆ బట్టీ పేరు లైస్టర్. అంటే దారి చూపే నక్షత్రం, ఓడవాళ్ళు దిక్కు తెలుసుకునే ధ్రువ నక్షత్రం అని అర్థం. మనకు ఇంటిపేరు ఊరిని బట్టో వృత్తిని బట్టో వచ్చినట్టు, ఆ బట్టీ పేరే వాళ్ళకు ఇంటిపేరు అయ్యింది. నేతగాడు నక్షత్రమంత పేరు పెట్టుకున్నాడు. అయితే ఆ బట్టీ నిలవలేదు. 1625 ప్రాంతంలో తండ్రి దివాలా తీశాడు. అప్పటికి జుడిత్‌కు పదిహేనో పదహారో ఏళ్ళు. అంటే మన పదో తరగతి చెల్లెళ్ళ వయసు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ రోజుల్లో స్త్రీలు బొమ్మలు వేయడం పూర్తిగా లేకపోలేదు. తండ్రో అన్నో చిత్రకారుడైతే ఇంట్లోనే నేర్చుకొని వాళ్ళకు సాయం చేసేవారు. జుడిత్ ఇంట్లో చిత్రకారులు ఎవరూ లేరు. గురువు దగ్గర చేరాలంటే డబ్బు కట్టాలి. ఇంట్లో చూస్తే అప్పులు. ఇల్లు గడవడానికే ఆమె ఈ వృత్తిని పట్టుకొని ఉంటుందని పరిశోధకులు అంటారు. ఇంట్లో ఇంతకుముందు ఎవరూ వెళ్ళని దారిలో, డబ్బు లేనప్పుడు, వెనక ఎవరూ లేకుండా వెళ్ళడం అంటే ఏమిటో మన హాస్టల్లో ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు.

సామ్యూల్ ఆంప్‌జింగ్ అనే మతబోధకుడు హార్లెం పట్టణాన్ని కీర్తిస్తూ రాసిన గ్రంథం 1628లో అచ్చయింది. అందులో పట్టణంలోని చిత్రకారుల ప్రస్తావనలో డి గ్రెబర్ కుటుంబం వారి పక్కనే జుడిత్‌ను కూడా మెచ్చుకున్నాడు. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు. ఆ ప్రస్తావనను బట్టే ఆమె డి గ్రెబర్ల దగ్గర పని నేర్చుకొని ఉంటుందని ఊహిస్తారు. బట్టీ పోయింది, పరువు పోయింది. అయినా ఊరి గొప్పలు చెప్పుకునే పుస్తకంలో ఆ ఇంటి ఆడపిల్ల పేరు ఎక్కింది.

ఆమె సంతకంతో దొరికిన మొదటి చిత్రాలు 1629 నాటివి. ఒకటి వీణ లాంటి లూట్ వాద్యం వాయిస్తూ పైకి చూస్తున్న యువకుడిది, రెండోది నవ్వుతున్న తాగుబోతుది. ఆ సంతకం గురించి చెప్పాలి. జె, ఎల్ అక్షరాలు రెండూ పెనవేసి, పక్కన చిన్న నక్షత్రం గీసేది. తండ్రి బట్టీ అప్పులవాళ్ళ పాలైంది కాని, ఆ నక్షత్రాన్ని ఆమె తన దగ్గరే ఉంచుకుంది. తరువాత వందల ఏళ్ళకు ఆమెను పట్టిచ్చింది ఆ నక్షత్రమే.

ఆమె వేసినవన్నీ ఇక్కడ చెప్పలేం. ఒక్కదాని గురించి మాత్రం చెప్పకుండా ఉండలేం. 1631లో వేసిన చిన్న చిత్రం అది, మన నోటుబుక్కు కంటే కాస్త పెద్దదంతే. ఇప్పుడు నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. రాత్రి వేళ. దీపం వెలుతురులో ఒక అమ్మాయి కుట్టుపని చేసుకుంటోంది. వెనక నుంచి ఒక మగవాడు ఆమె మీదికి వంగి, అరచేతిలో నాణేలు చూపిస్తున్నాడు. ఎందుకు చూపిస్తున్నాడో చెప్పనక్కరలేదు. ఆ కాలంలో ఇలాంటి సన్నివేశాన్ని మగ చిత్రకారులు ఎందరో వేశారు. వాళ్ళ బొమ్మల్లో ఆ స్త్రీ నవ్వుతూ ఉంటుంది, డబ్బు అందుకుంటూ ఉంటుంది, పక్కన బేరమాడే ముసలామె కూడా ఉంటుంది. జుడిత్ బొమ్మలో అమ్మాయి తలెత్తదు. కోపగించదు, కేకలు వేయదు, కుట్టు మాత్రం ఆపదు. కాళ్ళ కింద చలి కాచుకునే నిప్పుల పెట్టె, మీద దీపం, చేతిలో సూది. అతని నీడ గోడ మీద పెద్దదిగా పడింది. ఆ బొమ్మ చూసిన రోజు మేము చాలాసేపు పేజీ తిప్పలేకపోయాం. బస్సులోనో, ట్యూషన్ దారిలోనో, ఎక్కడో ఒకచోట ఆ నీడ పడని ఆడపిల్ల ఉందా? ఆ వేసినామెకు ఇరవై రెండేళ్ళు. మాకంటే ఒక సంవత్సరం చిన్నది.

చిత్రకారులు పట్టణంలో స్వంతంగా పని పెట్టుకోవాలంటే సెయింట్ లూక్ గిల్డ్ అనే వృత్తిసంఘంలో సభ్యత్వం ఉండాలి. సభ్యత్వం ఉంటేనే స్వంత వర్క్‌షాపు నడపవచ్చు, శిష్యులను చేర్చుకోవచ్చు, బొమ్మల మీద తన పేరు పెట్టి అమ్ముకోవచ్చు. అంటే ఇప్పటి లైసెన్సు, యూనియన్ కార్డు, డిగ్రీ సర్టిఫికెట్టు మూడూ కలిపినటువంటిది. 1633లో హార్లెం గిల్డు జుడిత్‌ను సభ్యురాలిగా చేర్చుకుంది. ఆమెకు రెండేళ్ళ ముందు సారా వాన్ బాల్బెర్గెన్ అనే ఒక్క స్త్రీకి మాత్రమే అక్కడ ఆ గౌరవం దక్కింది. మనం మొదట చెప్పుకున్న స్వీయ చిత్రపటాన్ని గిల్డులో చేరడానికే వేసి చూపించి ఉండవచ్చని కొందరి అభిప్రాయం. అలాగైతే ఆ మంచి బట్టలకు, ఆ పద్దెనిమిది కుంచెలకు కారణం సులువుగానే అర్థమవుతుంది. అది ఒక ఇంటర్వ్యూ.

ఆ చిత్రంలో మరో విషయం కూడా ఉంది. ఈజిల్ మీద కనిపించే బొమ్మ ఫిడేలు వాయిస్తూ నవ్వుతున్న ఒక మనిషిది. ఈ మధ్యకాలంలో పరారుణ కిరణాలతో పరీక్షించినప్పుడు, ఆ ఫిడేలు మనిషి కింద మొదట ఒక ఆడమనిషి ముఖం ఉన్నట్టు తేలింది. బహుశా అది ఆమె ముఖమే. అంటే తన బొమ్మను తానే వేసుకుంటున్నట్టు మొదట వేసి, తరువాత మనసు మార్చుకుంది. నవ్వే మనుషుల బొమ్మలే బజారులో ఆమెకు పేరు తెచ్చాయి. నేను ఇలాంటివి వేస్తాను, కావాలంటే రండి అని చెప్పినట్టయింది. తెలివైన మార్పే. అయినా ఆ కింద దాగిన ముఖం గురించి తెలిశాక, బొమ్మ చూసినప్పుడల్లా మా కళ్ళు ఆ ఫిడేలు వాడి దగ్గరే వెతుక్కుంటాయి.

గిల్డులో చేరిన రెండేళ్ళకు, 1635 నాటికి, ఆమె దగ్గర ముగ్గురు మగపిల్లలు శిష్యులుగా ఉన్నారు. వారిలో విల్లెం వౌటర్స్ అనే కుర్రవాడు చేరి మూడు రోజులైనా కాకముందే ఆమెను వదిలి ఫ్రాన్స్ హాల్స్ వర్క్‌షాపుకు వెళ్ళిపోయాడు. ఎంత పెద్ద చిత్రకారుడైనా ఇంకొకరి శిష్యుడిని ఇలా చేర్చుకోవడం గిల్డు నియమాలకు విరుద్ధం. ఎదుట ఉన్నది ఊరంతా గౌరవించే ఫ్రాన్స్ హాల్స్. వయసులో ఆమెకంటే పాతికేళ్ళకు పైగా పెద్దవాడు. ఊరుకుంటే మంచిదని ఎందరు చెప్పి ఉంటారో! జుడిత్ ఊరుకోలేదు. గిల్డుకు ఫిర్యాదు చేసింది. నష్టపరిహారంగా ఆమె అడిగిన దానిలో సగం, అంటే నాలుగు గిల్డర్లు, ఆ కుర్రవాడి తల్లి చెల్లించింది. హాల్స్ శిష్యుణ్ణి తిరిగి పంపలేదు, మూడు గిల్డర్ల జరిమానా కట్టి ఊరుకున్నాడు. తమాషా ఏమంటే ఆ శిష్యుడి పేరును సకాలంలో గిల్డులో నమోదు చేయించనందుకు జుడిత్‌కు కూడా జరిమానా పడింది. మొత్తం మీద ఆమెకు మిగిలింది పెద్దగా ఏమీ లేదు. కాని ఆ రోజుల్లో ఒక స్త్రీ తన వర్క్‌షాపు హక్కు కోసం అంత పెద్ద మనిషి మీద ఫిర్యాదు రాసి గెలిచిందన్న సంగతి కాగితం మీద ఉండిపోయింది. చరిత్ర విద్యార్థులకు కాగితమే కదా కావలసింది.

మరుసటి సంవత్సరం, 1636లో, ఆమె యాన్ మీన్సె మోలెనార్ అనే తోటి చిత్రకారుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ ఆమ్‌స్టర్‌డామ్‌కు మారి దాదాపు పదకొండేళ్ళు అక్కడే ఉన్నారు. అక్కడ బొమ్మలకు మంచి ధర పలికేది. అయిదుగురు పిల్లలు పుట్టారు. పెద్దవాళ్ళయ్యేదాకా బతికింది ఇద్దరే. 1648లో హార్లెం దగ్గరి హేమ్‌స్టెడ్‌కు వచ్చి స్థిరపడ్డారు. పెళ్ళి తరువాత ఆమె పేరుతో దొరికిన చిత్రాలు చాలా తక్కువ. 1643లో ట్యులిప్ పూల పుస్తకం ఒకదానికి వేసిన ఒక పువ్వు, 1654లో వేసిన పూలగుత్తి వంటివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ ట్యులిప్ పువ్వు ఇప్పుడు హార్లెం మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం పేరు ఫ్రాన్స్ హాల్స్ మ్యూజియం! ఆమె ఫిర్యాదు చేసిన మనిషి పేరున్న భవనంలోనే ఆమె పువ్వు ఉంది.

పెళ్ళి తరువాత ఆమె ఎందుకు తగ్గించింది? ఇంటి పని, పిల్లలు, భర్త వ్యాపారపు లెక్కలు ఆమె మీద పడి ఉంటాయని, భర్త సంతకంతో అమ్ముడైన బొమ్మల్లో ఆమె చెయ్యి కూడా ఉండవచ్చని అంటారు. భర్తను దుర్మార్గుడిగా చూపించడం మాకు ఇష్టం లేదు. అటువంటి ఆధారం ఎక్కడా కనిపించలేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే పని చేస్తే, బయట ఎవరి పేరుతో అమ్మితే ఎక్కువ వస్తుందో వాళ్ళ పేరే ముందుకు వస్తుంది. మా అమ్మా నాన్నా ఇద్దరూ అదే పొలానికి కూలికి వెళతారు. ఊళ్ళో అడిగితే మాత్రం కూలికి వెళ్ళేది నాన్న, అమ్మ ఇంట్లో ఉంటుంది అంటారు. ఇది మేము చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే.

1660 ఫిబ్రవరిలో జుడిత్ లైస్టర్ తన యాభయ్యవ ఏట మరణించింది. ఆ నెల పదవ తేదీన హేమ్‌స్టెడ్‌లో ఖననం చేశారు. ఎనిమిదేళ్ళ తరువాత, 1668లో, భర్త కూడా చనిపోయాడు. అప్పుడు ఇంట్లోని వస్తువులకు జాబితా రాశారు. ఆ జాబితాలో ఆమె వేసిన బొమ్మలు కూడా ఉన్నాయి. కాని వాటి ఎదురుగా రాసింది జుడిత్ లైస్టర్ అని కాదు, చనిపోయినాయన భార్య వేసినవి అని. గిల్డులో పేరున్న మనిషికి, నక్షత్రంతో సంతకం చేసిన మనిషికి, చనిపోయి పదేళ్ళు కాకముందే పేరు లేకుండా పోయింది.

ఆ తరువాత రెండు వందల ఏళ్ళకు పైగా ఆమెను లోకం పూర్తిగా మరచిపోయింది. బొమ్మలు మాత్రం ఎక్కడికీ పోలేదు. చేతులు మారుతూ దేశాలు తిరిగాయి. కొన్ని హాల్స్‌వి అన్నారు, కొన్ని మోలెనార్‌వి అన్నారు. హాల్స్ పేరు చెబితే ధర ఎక్కువ.

1893లో ఈ విషయం బయటపడింది. జంటగా కూర్చొని సంగీతంతో, మద్యంతో ఆనందిస్తున్న స్త్రీ పురుషుల చిత్రం ఒకటి ఉంది, 1630 నాటిది. లండన్‌లో ఒక వర్తకుడు దాన్ని హాల్స్ వేసిన గొప్ప చిత్రాలలో ఒకటిగా చెప్పి ఇంకొక వర్తకుడికి 4,500 పౌండ్లకు అమ్మాడు. కొన్నవారు పరిశీలిస్తే దాని మీద హాల్స్ సంతకం అనుకున్నది వేరేగా ఉంది. జె, ఎల్, పక్కన నక్షత్రం. గొడవ కోర్టుకు ఎక్కింది. చివరికి ధర తగ్గించి రాజీపడ్డారు. ఎంత విచిత్రం చూడండి. నిన్నటిదాకా హాల్స్ గొప్ప పనుల్లో ఒకటని మెచ్చుకున్న బొమ్మ అదే, రంగులు అవే, ఒక్క గీత కూడా మారలేదు. వేసింది ఆడమనిషి, పేరు తెలియని మనిషి అని తెలియగానే విలువ తగ్గింది. హాల్స్‌తో సమానంగా వేయగల మరో చిత్రకారిణి దొరికిందన్న సంతోషం ఆ వ్యాజ్యంలో ఎవరికీ కలగలేదు. ఆ చిత్రం ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

ఇది చదువుతున్నప్పుడు మాకు మా బ్యాచ్ అమ్మాయి గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక చిత్రలేఖనం పోటీకి మన హాస్టల్ నుంచి నలుగురం వెళ్ళాం. ఆమె చెరువు దగ్గర బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళను వేసింది. సాయంత్రం గోడకు అంటించిన బొమ్మల్లో ఆమె బొమ్మ ఉంది, కింద చీటీ మీద మాత్రం వేరే స్కూలు అమ్మాయి పేరు ఉంది. వెళ్ళి చెబితే, ఇంత బాగా మీరు వేశారా అని అడిగారు. తరువాత చూద్దాం అన్నారు. తిరుగు బస్సు టైమైపోతోందని మేము వచ్చేశాం. ఆమె ఏడవలేదు, దారిపొడుగునా మాట్లాడలేదు కూడా. ఆ తరువాత తను వేసే ప్రతి బొమ్మకూ కింద మూల పేరు రాసి, దాని చుట్టూ తీగ గీసేది. అలంకారం కోసమని అప్పుడు అనుకున్నాం. ఆ తీగను కోసేయాలంటే బొమ్మను కూడా కోయాల్సిందే అని ఈ నక్షత్రం గురించి చదివాకే మాకు వెలిగింది. ఇప్పుడు ఆమె ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. ఈ సంచిక ఆమెకు కూడా పంపుతున్నాం.

మళ్ళీ విషయానికి వద్దాం. కోర్నెలిస్ హాఫ్‌స్టెడె డి గ్రూట్ అనే డచ్చి కళాచరిత్రకారుడు ఆ నక్షత్రం సంతకాన్ని పట్టుకొని వెతికాడు. అదే 1893లో ఏడు చిత్రాలు ఆమెవని ప్రకటించాడు. అందులో ఆరింటి మీద ఆ సంతకం ఉంది. అంటే అవన్నీ అన్నేళ్ళుగా అందరి కళ్ళ ముందే ఉన్నాయి! తరువాత 1920లలో జూలియాన్ హార్మ్స్ అనే పరిశోధకురాలు ఆమె మీద వ్యాసాలు రాసింది. 1989లో ఫ్రీమా ఫాక్స్ హోఫ్రిక్టర్ ఆమె పని మొత్తం మీద పుస్తకం వేసింది. మనం చెప్పుకున్న స్వీయ చిత్రపటం కూడా చాలాకాలం హాల్స్ ఖాతాలోనే ఉండేది. 1949లో బ్లిస్ దంపతులు దాన్ని వాషింగ్టన్ గ్యాలరీకి కానుకగా ఇచ్చారు. చేతిలో పద్దెనిమిది కుంచెలు పట్టుకొని, ముఖం చూపించి, నేనే వేశాను అని కూర్చున్న ఆడమనిషి బొమ్మను కూడా ఒక మగవాడు వేశాడని అన్నేళ్ళు నమ్మారంటే ఏమనాలి?

గుర్తింపు వచ్చాక కూడా చిక్కు తీరలేదు. ఆమె హాల్స్‌ను అనుకరించిందని కొంతకాలం రాశారు. హాల్స్ ప్రభావం ఆమె మీద ఉన్న మాట నిజమే, కాదనడం పొరపాటు. ఆ కుంచె ఊపు, ఆ నవ్వే ముఖాలు ఆయన దారిలోనివే. కాని దీపం వెలుతురులో కుట్టుకునే ఆ అమ్మాయి ఎవరి అనుకరణా కాదు.

ఇంకొక సంగతి. అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఆమె చిత్రం ఒకటి ఉంది. రాత్రి చివరి చుక్క దాకా తాగుతున్న ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళ పక్కనే ఇసుక గడియారం పట్టుకున్న అస్థిపంజరం. మధ్యలో ఎవరో అమ్మకానికి బాగుండదని ఆ అస్థిపంజరాన్ని రంగుతో కప్పేశారు. 1993లో శుభ్రం చేసినప్పుడు అది మళ్ళీ బయటికి వచ్చింది. ఆమె పేరునూ కప్పారు, ఆమె ముగింపునూ కప్పారు. రంగు కింద రెండూ అలాగే ఉన్నాయి.

అదే 1993లో ఆమె చిత్రాలు చేర్చి హార్లెంలోను, అమెరికాలోని వూస్టర్‌లోను పెద్ద ప్రదర్శన జరిపారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో గౌరవ మందిరం అనే పెద్ద హాలు ఉంది. రెంబ్రాంట్, వెర్మీర్, హాల్స్ వంటి వారి పనులు ఉండేది అక్కడే. అందులో స్త్రీలు వేసిన చిత్రం ఒక్కటి కూడా ఉండేది కాదు. 2021 మార్చి 8న మొదటిసారిగా ముగ్గురు స్త్రీల చిత్రాలు అక్కడ పెట్టారు. అందులో ఒకటి జుడిత్ ఇరవై ఏళ్ళ వయసులో వేసిన ఆ లూట్ వాయించే కుర్రవాడి బొమ్మ.

1668 నాటి ఆ ఇంటి జాబితాలో ఆమె తనను తాను వేసుకున్న బొమ్మ ఒకటి ఉన్నట్టు పండితులకు తెలుసు. అది ఎక్కడ ఉందో మాత్రం ఎవరికీ అంతు చిక్కలేదు. 2016లో అది లండన్‌లో వేలానికి వచ్చింది. 1653 ప్రాంతంలో వేసింది. అంటే అయిదుగురిని కని, ముగ్గురిని పోగొట్టుకొని, నలభై దాటిన తరువాత. మొదటి బొమ్మలోలాగా అంత పెద్ద కాలర్ లేదు, వయసు కనిపిస్తుంది. రెండు బొమ్మలూ ప్రింటు తీయించి ఈ సంచికతో పాటు హాస్టల్‌కు ఇస్తున్నాం. స్టడీ హాల్లో గడియారం కింద ఖాళీ గోడ ఉంది, అక్కడ పెట్టమని వార్డెన్ మేడమ్ గారిని అడిగాం. కింద పేరు పట్టీ రాసే పని మాత్రం బట్టల షాపులో ఉన్న మా స్నేహితురాలికి అప్పగించాం. ఆదివారం సెలవు దొరికితే వస్తానంది.